కుడికి లాగే మూడు చక్రాల బండి

ఇలా రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. చాప మీద కాళ్ళు జాపుకుని కూర్చున్నా నేనేమీ అనుకోను. కాళ్ళంటే నాకు మహా ఇష్టం. గొంతు పెంచి చెప్పమంటే మాత్రం నావల్ల కాదు. ఇరుసు అరిగిపోయింది, గట్టిగా మాట్లాడితే కిర్రుమంటుంది. పక్క గదిలో అంగన్‌వాడీ పిల్లలు అన్నం తిని పడుకున్నారు. మెల్లగా చెబుతాను, మీరూ మెల్లగా వినండి.

నేను ఒక నడకబండిని. మూడు చక్రాలు, వాటి మీద ఒక పలక, పలక మీద నిలువుగా రెండు కర్రలు, ఆ కర్రల మీద అడ్డంగా ఒక పిడి. అంతే నా ఒళ్ళు. ఏడాది పిల్ల పిడి పట్టుకుని నిలబడితే నేను ముందుకు దొర్లుతాను, నా వెనక పిల్ల అడుగులేస్తుంది. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. అయితేనేం, మా వీధిలో బడికెళ్ళిన కాళ్ళన్నీ ముందు నా వెనక నడిచినవే. మనుషులు ముఖాలు గుర్తుపెట్టుకుంటారు, నేను పాదాలు గుర్తుపెట్టుకుంటాను. ఇప్పుడు మీసం మెలేసుకుని తిరిగే పెద్దమనుషులు అప్పట్లో నా వెనక ఎలా నడిచారో, ఏ మూల తడి చేసి ఏ మూల చతికిలబడ్డారో చెప్పానంటే వీధిలో తలెత్తుకోలేరు. చెప్పన్లెండి, నాకు మర్యాద తెలుసు.

నన్ను చేసినవాడు సన్యాసాచారి. వరాహనది ఒడ్డున అంకుడు కర్రతో బొమ్మలు చేసి లక్క పూసే పనివాడు. ఆయన చేతిలో తప్పు రావడమంటే నదిలో నీళ్ళు వెనక్కి పారినట్టే. కానీ నన్ను చేసిన పూట ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి, "కాసేపు దీన్ని చూడవయ్యా, నాకు రెండే చేతులున్నాయి" అని రెండేళ్ళ మనవరాలిని ఆయన ఒళ్ళో పడేసి పోయింది. ఆ పిల్ల ఆచారి వీపెక్కి, రెండు చెవులూ కళ్ళేలలా పట్టుకుని గుర్రం ఆట మొదలెట్టింది. ఆ కుదుపులో నా వెనక చక్రాల్లో ఎడమది గోరుమందం పెద్దదైపోయింది. సరిచేద్దామని ఆచారి ఉలి తీస్తే మనవరాలు ఉలి కావాలని ఏడ్చింది. "పోనీలే, గోరుమందానికి ఎవరి కొంప మునుగుతుంది" అని ఎర్ర లక్క, పచ్చ లక్క పూసేశాడు.

అదిగో, అప్పట్నుంచి నేను తిన్నగా పోను. నాలుగడుగులు బుద్ధిగా పోతాను. ఐదో అడుగులో కుడికి లాగుతాను. పిల్లని చూసుకుంటూ చేసిన పనికి ఆ మాత్రం వంకర ఉంటుందని ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆచారికి ఆ పూటే తెలిసింది.

నర్సీపట్నంలో గానుగుల వీధివాళ్ళు నన్ను తీర్థం జాతరలో కొన్నారు. ఇక ఆ వీధికి నడకబండి నేనొక్కదాన్నే. రెండోదాన్ని ఎవరూ కొనలేదు, కొననివ్వలేదు. దానికో కట్టుబాటు పెట్టుకున్నారు. పిల్ల నా పిడి వదిలేసి సొంతంగా నడిచిందంటే, వారం తిరక్కుండా ఆ ఇంట్లో అరిసెలు వండాలి. బట్ట పరిచి, అరిసెలు పేర్చి, పిల్లని వాటి మీద నడిపించి వీధంతా పంచాలి. తొమ్మిది అరిసెలు నా పలక మీద పెట్టి, నడక వయసు పిల్ల ఉన్న తరవాతి ఇంటికి నన్ను తోసుకుపోవాలి. అరిసెలు లేకుండా నేను గడప దాటకూడదు. నడక వచ్చాక ఆ ఇంట్లో ఉండకూడదు.

ఎన్ని ఇళ్ళు చూశానర్రా! ఒక ఇంట్లో పక్కింటి పిల్లాడి కంటే ముందు నడవాలని ఎనిమిదో నెలకే కొడుకుని నాకు తువ్వాలుతో కట్టారు. వాడు నిలబడే నిద్రపోయేవాడు. ఒక ఇంట్లో పిల్ల పాదం నేలకి తగిలితే కందిపోతుందని నా పలక మీదే కూర్చోబెట్టి తిప్పారు. ఆ పిల్లకి నడక రాలేదు గానీ తోసిన తాతకి ఆయాసం వచ్చింది. ఒక తండ్రి నేను కుడికి లాగడం ఇంటి వాస్తుదోషమని తేల్చి, నన్ను సరిచేయించడం మానేసి గుమ్మాన్ని మార్పించాడు. నలభై ఆరుగురు పిల్లలు, నలభై ఆరు రకాల పెంపకాలు. ప్రతి ఇంటివాళ్ళకీ తాము చేసేదే పెంపకం, ఎదురింటివాళ్ళది ఒట్టి గారాబం. ఒకడు పది నెలలకి నడిచాడు, ఒకతె ఏడాదిన్నరకి నడిచింది. నడిచాక ఎవరు ముందు నడిచారో ఎవరికీ గుర్తు లేదు.

నలభై ఏడో పిల్ల కథ చెప్పాలనే మిమ్మల్ని పిలిచాను.

నూకరత్నం బస్సు కండక్టరు. తొలి బండి డ్యూటీ ఆమెది. తెల్లారగట్ల వెళ్తే సాయంత్రం దీపాల వేళకి ఇల్లు చేరేది. కడుపుతో ఉండగా మొగుడు ఇంకొకతెతో కాపురం పెట్టాడు. రత్నం అరవలేదు, ఏడవలేదు. ఆ ఇంటి తాళంచెవి గూట్లో పెట్టి, బట్టల సంచీతో బయటికొచ్చేసింది. కూతురు పుట్టింది. పేరు లాస్య. రెండు బుగ్గలూ నూనెలో పొంగినట్టుంటాయని పిలవడం మాత్రం బూరె. పిల్లకి తొమ్మిదో నెలలో రత్నం మా వీధికొచ్చి, సుభద్ర టీచరు ఇంట్లో వెనక వాటా అద్దెకి తీసుకుంది.

అప్పుడు నేను ఎదురింటి పార్వతాలు దగ్గరున్నాను. ఆమె మనవడు నడిచేశాడు. అరిసెలు అయ్యాయి. లెక్క ప్రకారం నేను బూరె దగ్గరికి పోవాలి. వీధి అరుగు మీద గుసగుసలు మొదలయ్యాయి. మగదిక్కు లేని ఇల్లు, ఆ గుమ్మంలోకి ఎందుకు, వెనక వీధిలో ఎవరైనా ఉన్నారేమో చూద్దామని ఒకావిడ అంది.

పార్వతాలు నా పలక మీద తొమ్మిదో అరిసె పెడుతూ, "ఈ బండికి మూడు చక్రాలే ఉన్నాయి. నాలుగోది లేదని ఏనాడైనా ఆగిపోనాదేటి? నోర్మూసుకుని అరిసి తినండి" అంది. నన్ను తోసుకుంటూ రోడ్డు దాటింది. ఆ పూట నేను కుడికి లాగలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. ఆమె పట్టు అలాంటిది.

కాన్పు సెలవు అయిపోయి రత్నం మళ్ళీ డ్యూటీలో చేరే రోజొచ్చింది. పిల్లని చూడ్డానికి రత్నం తల్లి అప్పయ్యమ్మ, రెండు గేదెల్ని పొరుగింటివాళ్ళకి అప్పగించి, పల్లె నుంచి దిగింది. ఒక చేతిలో ఆముదం సీసా, ఒక చేతిలో ఉగ్గుగిన్నె. ముందు వాటాలో సుభద్ర టీచరు. ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ నడిపి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. గోడ మీద పిల్లల బరువుల పటం, చేతిలో ఒక అట్ట పుస్తకం. ఒక కప్పు కింద ఇద్దరు న్యాయమూర్తులు పడ్డారన్నమాట. తీర్పు చెప్పడానికి పిల్ల మాత్రం ఒక్కతే.

"అప్పయ్యమ్మ గారూ, పిల్లని నేల మీద వదలండి. పాకనివ్వండి. ఆ బండికి నిలబెడితే నడుం బలం రాదు" అనేది టీచరు.

"నేల మీద ఒదిలేత్తే సీమలు కుట్టవేటి టీచరమ్మా? మీ పుస్తకంలో సీమలున్నాయా?"

"చీమలున్నాయని పిల్లని చంక దించరా?"

"సంకలో పెరిగిన పిల్లే బస్సులో బెల్లు కొడతంది. సూడండి, ఎంత బాగా నిలబడతాదో, ఒక్క కుదుపుకీ పడదు."

టీచరు కాటుక తుడిచేది, అప్పయ్యమ్మ పెట్టేది. అప్పయ్యమ్మ ఉగ్గు తినిపించేది, టీచరు ఉడికించిన గుడ్డు తెచ్చేది. బూరె రెండూ తినేసి ఇంకేమైనా ఉందా అన్నట్టు ఇద్దరి చేతులూ చూసేది. ఉదయం అప్పయ్యమ్మ నన్ను పిల్ల ముందు పెట్టేది. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే టీచరు నన్ను నీళ్ళ డ్రమ్ము వెనక దాచేది. నేను నోరులేనిదాన్ని, ఎక్కడ పెడితే అక్కడుండేదాన్ని.

రత్నానికి కూడా సొంత లెక్కలుండేవి. బస్సులో ఎక్కిన ప్రతి బాలింతా ఒక సలహా ఇచ్చి దిగేది. రాత్రి అన్నం తింటూ, "టీచరు గారు చెప్పినట్టు కొంత, అమ్మ చెప్పినట్టు కొంత చేస్తే..." అనబోతే, "కొంతేటి? పెంపకం అర టికెట్టు కాదే సగం కొనడానికి!" అని తల్లి నోరు మూయించేది.

నెలలు గడిచాయి. బూరెకి పదమూడు నిండాయి, పద్నాలుగు నిండాయి. నా పిడి పట్టుకుంటే గదంతా తిరిగేది. పిడి వదిలిందా, దబ్బున కూర్చునేది. కూర్చుని నవ్వేది. ఆ నవ్వు చూస్తే అరిసెల సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు, అప్పయ్యమ్మకి తప్ప.

ఫాల్గుణం వచ్చింది. ఉగాది ముందొచ్చే కొత్తమావాస్యకి అప్పయ్యమ్మ ఊరెళ్ళి తీరాలి. అమ్మవారి పండగ, పైగా గేదెల్ని ఇంక చూడలేమని పొరుగింటివాళ్ళు కబురు పెట్టారు. రత్నం జడ వేసుకుంటుంటే ఆవిడ ఆ మాట తీసింది.

"ఒలే రత్నం, పిల్లని నాను తీసుకుపోతాను. మూడేళ్ళొచ్చాక తెచ్చి నీకాడ దిగబెడతాను."

రత్నం చెయ్యి జడలోనే ఆగిపోయింది. "టీచరు గారు చూస్తానన్నారు కదమ్మా."

"ఆవిడ మోకాళ్ళు సూసినావా? మెట్టెక్కితే మంచం పడతాది. నడిసే పిల్లయితే ఎనకాల తిరగ్గలదు. నడవని పిల్లని పొద్దస్తమానం ఎత్తుకోగలదేటి?"

ముందు వాటాలోంచి టీచరు ఏదో అనబోయి, తన మోకాళ్ళ వైపు చూసుకుని ఊరుకుంది. పుస్తకంలో మోకాళ్ళకి జవాబు లేదు.

"నువ్వు మాయమ్మ కాడ పెరగలేదా? ఏటి తక్కువైనాది నీకు?" అంది అప్పయ్యమ్మ.

"ఏమీ తక్కువ కాలేదు" అంది రత్నం నెమ్మదిగా. "మూడేళ్ళకి నువ్వొచ్చి ఎత్తుకుంటే, ఈవిడెవరు అని అమ్మమ్మని అడిగానంట. అంతే."

అప్పయ్యమ్మ కూతురి చేతిలోంచి జడ అందుకుని అల్లడం మొదలెట్టింది. అల్లుతూనే అంది: "సరే. అమావాస్య లోపు పిల్ల బండొదిలి నడిసిందంటే నీకాడే ఉంచుకో. నడవలేదంటే నాతో వత్తాది. మళ్ళీ మాట మార్సకు."

అదీ సంగతి. పిల్ల తల్లి దగ్గరుంటుందా, అమ్మమ్మ ఊరు పోతుందా అన్నది నాలుగు అడుగుల మీద నిలబడింది. ఆ అడుగులు నా వెనక పడాలి. అర్రర్రా, అంత బరువు నా పలక మీద ఏనాడూ ఎవరూ పెట్టలేదు!

ఆ కంగారులో ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక తెలివైన పని చేశారు. నేను కుడికి లాగడంవల్లే పిల్ల బెదిరిపోతోందని, కుడి చక్రాన్ని కాస్త లావు చేస్తే నేను తిన్నగా పోతానని టీచరుకి తోచింది. డ్రమ్ము వెనక కూర్చుని, నా కుడి చక్రం చుట్టూ ప్లాస్టరు అంటించింది. తరవాత అప్పయ్యమ్మకీ సరిగ్గా అదే తోచింది. ఆవిడకి చూపు తక్కువ, చక్రానికున్న ప్లాస్టరు కనబడలేదు. దాని మీదే పాత చీర పేలిక బిగించి చుట్టేసింది. ఒకరికి తెలియకుండా ఒకరు, జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. తీరా బూరె నన్ను పట్టుకుని తోసేసరికి, నేను ఎడమకి తిరిగి, ఇంకా ఎడమకి తిరిగి, నట్టింటి స్తంభం చుట్టూ గానుగెద్దులా ప్రదక్షిణాలు మొదలెట్టాను. బూరె కేరింతలు. ఏడు చుట్లు తిరిగి కళ్ళు తిరిగి కూర్చుంది. పెద్దవాళ్ళిద్దరూ నా చక్రం మీదికి వంగి గుడ్డ అంచు ఎత్తి చూశారు.

"చక్రానికి గుడ్డ చుట్టింది మీరేనా?"

"గుడ్డ కింద పిలాస్త్రి ఎట్టింది మీరు కాదేటి?"

డ్యూటీ నుంచి వచ్చిన రత్నం బూటు విప్పకుండానే రెండూ పీకి పారేసింది. "దాన్ని దాని మానాన వదిలెయ్యండి. నన్ను కూడా" అని స్నానానికి పోయింది.

ఆ మర్నాడు సాయంత్రం అప్పయ్యమ్మ కాళ్ళు బారజాపి, వాటి మీద బూరెని పడుకోబెట్టి ఆముదం రాస్తోంది. ఇంట్లో ఎవరూ లేరనుకుని పిల్లతో కబుర్లు చెబుతోంది.

"నీ అమ్మకి ఏడో నెలప్పుడు మీ తాత పాము కుట్టి సచ్చిపోనాడే. పిల్లని మాయమ్మకాడ ఒదిలి ఇటుకల బట్టీకి పోనాను. ఏటి సెయ్యను, పొట్ట నిండాల గదా! ఒకనాడు మా ఊరాయన గుడ్డలో మూట కట్టి అరిసెలు తెచ్చినాడు. నీ కూతురు నడిసిందే, మీయమ్మ పంపింది అన్నాడు. ఆయన వచ్చేసరికి పదిరోజులు. రాయిలాగున్నాయి. ఇటుకల మీద కూకుని తిన్నాను. సూడని అడుగుకి అరిసె తిన్న దాన్నే, నాను. రుసి తెలీలేదు."

బూరె ఆముదం చేతిని నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది. వరండాలో రత్నం నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, బూటు విప్పడానికి వంగి అలాగే ఉండిపోయింది. మళ్ళీ మెల్లగా గేటు దాకా వెళ్ళి, అప్పుడే వచ్చినట్టు గడియ చప్పుడు చేసి లోపలికొచ్చింది.

అమావాస్య ఇంక మూడు రోజులుంది. తెల్లారుతోంది. అప్పయ్యమ్మ పెరట్లో పళ్ళు తోముకుంటోంది. రత్నం ఖాకీ చొక్కా వేసుకుని, టికెట్ల సంచీ కోసం వెతుకుతోంది. బూరె నన్ను పట్టుకుని తల్లి వైపు బయల్దేరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగులో నేను మామూలుగానే కుడికి లాగి, మంచం కోడుకి కొట్టుకున్నాను. బూరె తోసింది. నేను కదల్లేదు. బూరె నా వైపు చూసిన చూపు ఉందే! ఇన్నేళ్ళలో నలభై ఆరుగురు నన్ను అలా చూశారు. నువ్వటు పోతే పో, నేనిటు పోతాను అన్న చూపు. పిడి వదిలేసింది. తల్లి దగ్గరికి మూడు అడుగులు, తూలుకుంటూ, సొంతంగా నడిచి, ఖాకీ ప్యాంటు పట్టుకుంది.

మీకో రహస్యం చెప్పనా? నేను తిన్నగా పోయే బండినైతే పిల్లలు నన్నెందుకు వదులుతారు? ఆచారి సరిచెయ్యకుండా వదిలేసిన గోరుమందమే ఇన్నేళ్ళు నా చేత పని చేయించింది.

రత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పందెం గెలిచింది. పిల్ల తనదే. "అమ్మా!" అని పిలవడానికి నోరు తెరిచింది కూడా. పెరటి గుమ్మం వైపు చూసింది. అక్కడ అప్పయ్యమ్మ ముఖం కడుక్కుంటోంది, వంగిన వీపు కనబడుతోంది. రత్నం నోరు మూసుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, బూరె బుగ్గలు పట్టుకుని, "ఎవరికీ చెప్పకు. అమ్మమ్మ చూసినదే మొదటిది" అంది. పిల్లని ఎత్తి నా పిడికి అప్పగించి, బయటికి పోయింది. పోతూ పోతూ గుమ్మంలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి నవ్వింది.

నేనూ నోరు మూసుకున్నాను. నాకేం తెలుసు, మధ్యాహ్నానికి ఇంకోసారి మూసుకోవాల్సి వస్తుందని!

పదకొండు గంటలప్పుడు టీచరు గుడ్డు పట్టుకొచ్చింది. అప్పయ్యమ్మ ఉగ్గు కలుపుతోంది. గుడ్డు చూడగానే బూరె నన్ను ఒక్క తోపు తోసి, నన్ను నా మానాన వదిలేసి, ఆరడుగులు నడిచి టీచరు చీర పట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారి కెవ్వుమన్నారు. టీచరు పుస్తకం కోసం, అప్పయ్యమ్మ దిష్టి తీయడానికి ఉప్పు కోసం పరిగెత్తి, గుమ్మంలో ఒకరినొకరు గుద్దుకున్నారు.

"గుడ్డు వల్లే" అంది టీచరు.

"ఆముదం వల్ల" అంది అప్పయ్యమ్మ. ఉన్నట్టుండి ఆవిడ ముఖం మారిపోయింది. ఉప్పు గిన్నె కింద పెట్టింది. "టీచరమ్మా, మనం సూడలేదు."

"ఏమిటి?"

"మనం సూడలేదండి. రత్నం వచ్చేక సూద్దారి."

టీచరు కళ్ళజోడు సర్దుకుంది. "పందెం పోయిందని దాస్తున్నారా? నడవలేదని చెప్పి పిల్లని తీసుకుపోదామనా? నేను ఊరుకోను అప్పయ్యమ్మ గారూ, మోకాళ్ళు లేకపోతే నోరుంది నాకు."

అప్పయ్యమ్మ ఆ పక్కనే కూలబడింది. "పందెమూ లేదు, పాడూ లేదు. నా కూతురు అడుగు నాను సూడలేదండి. ఎవలో సెప్తే ఇన్నాను. దానికీ ఎవలో సెప్తే ఇనే రాత నాను రాయను. సాయంత్రం దాకా పిల్లని నడవనియ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మూడొందలమంది పిల్లల్ని చూశాను" అంది. "వాళ్ళ అమ్మలు పొలాల నుంచి వచ్చేసరికి నేనే గుమ్మంలో నిలబడి చెప్పేదాన్ని. ఇవాళ మీవాడు నడిచాడమ్మా, ఇవాళ మీదానికి మాటలొచ్చాయి అని. మంచి కబురు చెబుతున్నాననుకునేదాన్ని. వాళ్ళ ముఖాల వైపు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు." ఆవిడ పిల్లని ఎత్తుకుంది. మోకాళ్ళు కలుక్కుమన్నా ఎత్తుకుంది. ఆ రోజు సాయంత్రం దాకా, నేల మీద వదలమని నెలల తరబడి పోరిన మనిషి పిల్లని చంక దించలేదు. చంక దించొద్దన్న మనిషి నన్ను డ్రమ్ము వెనక దాచింది.

దీపాల వేళకి రత్నం వచ్చింది. రోజూ రాగానే చేతులు కడిగి పిల్లని ఎత్తుకునేది, ఆవేళ ఎత్తుకోలేదు. రోజూ రాగానే పిల్లని అందించే అప్పయ్యమ్మ అందించలేదు. ఎవరూ పిలవకుండానే టీచరు శనగల గిన్నెతో వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏటమ్మా సంగతులు?" అంది రత్నం.

"ఏటుంతాయి? ఏటీ లేవు" అంది తల్లి.

"నేనూ ఏమీ చూడలేదమ్మా" అంది టీచరు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

నన్ను డ్రమ్ము వెనక నుంచి తెచ్చింది ఎవరనుకున్నారు? ముగ్గురూ! ఒకరు పిడి పట్టుకుంటే ఇద్దరు పలక పట్టుకున్నారు. తెచ్చి పిల్ల ముందు పెట్టి, ఏమీ ఎరగనట్టు తలా ఒక వైపు చూస్తూ కూర్చున్నారు. బూరె శనగలు ఏరుకుని తింటోంది, లేవదు. రత్నం కాలితో నన్ను కాస్త ముందుకు తోసింది. కాసేపటికి అప్పయ్యమ్మ తోసింది. టీచరు శనగల గిన్నెని ఎవరూ చూడకుండా దూరం జరిపింది.

అది పని చేసింది. బూరె లేచింది. నా పిడి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగులో నేను లాగాను. నిజం చెబుతున్నాను, ఆవేళ కావాలనే లాగాను, గోరుమందం కాదు, బెత్తెడు లాగాను. గుమ్మానికి కొట్టుకుని ఆగాను. బూరె నన్ను అదే చూపు చూసి, పిడి వదిలి, గిన్నె వైపు నడిచింది.

అప్పుడు ఏం జరిగిందో వినండి. అప్పయ్యమ్మ కూతురి ముఖం వైపే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, ఆ ముఖంలో ఏం వెలుగుతుందోనని. రత్నం తల్లి ముఖం వైపే చూస్తోంది, పెదవి కొరుక్కుంటూ. టీచరు వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇల్లంతా ఎదురుచూసిన అడుగులు అవి, పిల్ల వైపు చూసింది మాత్రం నేనొక్కదాన్నే.

తొమ్మిది అడుగులు వేసిందర్రా. తనని ఎవరూ చూడటం లేదని పదో అడుగుకి కనిపెట్టి, చతికిలబడి, గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు అందరూ ఒకేసారి అరిచారు: "నడిసింది! నడిసింది! మొదటిసారి!" వాళ్ళ నటన చూసి నా ఇరుసు కిర్రుమంది.

మర్నాడే బియ్యం నానబోశారు. అరిసెల పాకం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఒకరు పిండి పోయాలి, ఒకరు తెడ్డు తిప్పాలి, ఒకరు పాకం చూసి ఆపు అనాలి. పాకం చుక్క నీళ్ళలో వేసి చూడాలని టీచరు, కంటితో చూస్తే చాలని అప్పయ్యమ్మ. ఇంకా రాలేదని ఒకరు, వచ్చేసిందని ఒకరు. ఆ వాదం తేలేసరికి పాకం ముదిరిపోయింది. అరిసెలు గోడకి కొడితే గోడ పగిలేలా వచ్చాయి. బూరె వాటి మీద నడిస్తే ఒక్కటీ విరగలేదు. వీధంతా పళ్ళు చూసుకుంటూ తింది. పార్వతాలు మాత్రం, "గట్టిగున్నాయి. పిల్ల కాళ్ళూ ఇలాగే ఉండాలి" అని దీవించింది.

అమావాస్య ముందురోజు అప్పయ్యమ్మ సంచీ సర్దుకుంది. పిల్ల బట్టలు అందులో పెట్టలేదు. ఆముదం సీసా టీచరు చేతిలో పెట్టి, "సంక దింపండి గానీ, ఇది మానకండి" అంది. టీచరు బుద్ధిగా తీసుకుంది. గుమ్మంలో కూర్చుని ఒక అరిసె కొరికింది అప్పయ్యమ్మ. రెండోసారి కొరికితే గానీ తెగలేదు.

"రాయిలా ఉన్నాయి కదమ్మా" అంది రత్నం.

"ఉంటే ఉండనియ్యే" అంది ఆవిడ, నములుతూ, బూరె పాదాల వైపు చూస్తూ. "ఈసారి సూసి తింతన్నాను. రుసిగున్నాయి."

ఆ తరవాత నా పలక మీద తొమ్మిది అరిసెలు పెట్టి, రత్నం, ఆమె చెయ్యి పట్టుకుని బూరె, నన్ను వెనక వీధిలో ఒక ఇంటికి తోసుకుపోయారు. మరో పదకొండుమందిని నడిపించాను. ఇరుసు అరిగాక టీచరు నన్ను తను నడిపిన ఈ అంగన్‌వాడీ కేంద్రానికి తెచ్చి మూల పెట్టింది. ఇక్కడ పిల్లలు నా పలక మీద మట్టి బూరెలు అమ్ముకుంటారు. అసలు బూరె ఇప్పుడు ఆరో తరగతి. రిటైరైనా ఊరుకోలేక ఇక్కడికొచ్చే టీచరుకి సాయంగా వచ్చినప్పుడు నా పిడి మీద చున్నీ ఆరేస్తుంది. నేనెవరో తెలియదు. తెలియక్కర్లేదు, వదిలేసిన పిడిని గుర్తుపెట్టుకుని ఎవరు నడుస్తారు?

ఇదర్రా నా కథ. వినేసి దులుపుకుని లేచిపోకండి. నేను ఇంటింటికీ తిరిగినట్టు దీన్నీ ఇంటింటికీ తోసుకుపోండి. పిల్లని ఒక్కతే పెంచుకుంటున్న తల్లి కనబడితే ఆమెకి తప్పకుండా చెప్పండి, సలహాలేమీ కలపకుండా చెప్పండి. ఒక్క రత్నానికీ అప్పయ్యమ్మకీ మాత్రం చెప్పకండి. ఇప్పటికీ ఆ తొలి అడుగు తనే దాచిపెట్టి ఇచ్చానని ఆమె, తనే ఇచ్చానని ఈమె, ఇద్దరూ గర్వంగా ఉన్నారు. ఎప్పుడైనా నోరు జారారనుకోండి, కుడికి లాగే మూడు చక్రాల బండి చెప్పిందని అనండి. ఎలాగూ నమ్మరు.